పెరుగు సముద్రం దగ్గర

మా మావగారు మార్కండేయులు గారు ఆ ఏడాది చైత్రమాసంలో పెరుగు సముద్రం దగ్గర ఆగిపోయారు.

పెళ్ళిలో కన్యాదానానికి ముందు మహాసంకల్పం చెబుతారు కదా, అందులో సంగతి ఇది. ఫలానా నది ఒడ్డున, ఫలానా వారి పిల్లని, ఫలానా వారికిస్తున్నాం అనే ఒక్క ముక్క చెప్పడానికి ముందు లోకాలన్నీ, కొండలన్నీ, నదులన్నీ, యాభై ఆరు దేశాలూ వరసపెట్టి రావాలి. సముద్రాలు ఏడు. ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. కల్లు ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ మా అత్తగారి వంటింట్లో ఉన్నవే. అయినా మావగారు పోడూరు పెళ్ళిలో పెరుగు దాకా వచ్చి, పాలు అందక ఆగిపోయారు. కాసేపు చూసి, కొండల్లోకి దూకి, ఎలాగో ఒడ్డున పడ్డారట. పాలకొల్లాయనకి పాలు దొరకలేదేంటని మగపెళ్ళివారిలో ఎవరో నవ్వారట కూడాను.

నలభై ఏళ్ళ పౌరోహిత్యంలో ఆయన ఆగడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. మజ్జిగన్నం కూడా సగంలో వదిలేసి చెయ్యి కడిగేసుకున్నారు.

నాకు తెలిసింది నా దుకాణంలో. మా వీధిగదిలోనే డి.టి.పి. సెంటరు పెట్టుకున్నాను. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, పేరుకి ఒక యూపీఎస్. భీమవరంలో పీజీడీసీఏ చదివిన పిల్ల శుభలేఖలు కొట్టుకుంటూ కూచుందని మా పుట్టింటివాళ్ళు మూతి విరుస్తారు గానీ, పెళ్ళిళ్ళ కాలంలో మా ఇల్లు ఒక చిన్న ఫ్యాక్టరీ. మావగారు ముహూర్తం పెడతారు, నేను కార్డు కొడతాను, మళ్ళీ ఆయనే వెళ్ళి మూడుముళ్ళు వేయించి వస్తారు.

ఆ రోజు పెదబాబు గారి కోడలు సత్యకుమారి గారు కూతురి శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. పెదబాబు గారంటే ఊరవతల చేలూ కొబ్బరితోటలూ ఉన్న పెద్ద రైతు. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా మావగారే చేయించాలి. సత్యకుమారి గారు కార్డు తిప్పి తిప్పి చూసి, అక్షరాలు బాగున్నాయని, బొమ్మ కొంచెం పెద్దది చెయ్యమని, చివరికి గొంతు తగ్గించి అడిగారు.

"మీ మావగారికి ఈమధ్య ఒంట్లో బాగుంటోందాండీ?"

"రాయిలా ఉన్నారండీ. ఏం?"

"ఏం లేదండీ. పోడూరు పెళ్ళికి మా వారు వెళ్ళారు. అక్కడ మహాసంకల్పం మధ్యలో..." అంటూ జరిగింది చెప్పుకొచ్చారు. "మా మావగారికి ఆయన నోటే వినాలండీ, ఇంకొకళ్ళు చెబితే ఆయనకి పెళ్ళయినట్టే ఉండదు. మా వారేమో ఎందుకైనా మంచిదని పక్కన ఇంకో ఆయన్ని కూచోబెడదామంటున్నారు. ముందుజాగ్రత్తకే లెండి. మీరేమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాను? పురోహితుడి పక్కన ఇంకో పురోహితుణ్ణి ముందుజాగ్రత్తకి కూచోబెట్టడమంటే, పెళ్ళికొడుకు పక్కన ఇంకో పెళ్ళికొడుకుని కూచోబెట్టడమే. ఆవిడ ముందు నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం అత్తగారు వీధరుగు మీద మల్లెమొగ్గలు కడుతుంటే, మావగారు కుర్చీలో కూచుని వీధి చూస్తున్నారు. నా నోరు ఊరుకునే రకం కాదు. సత్యకుమారి గారన్నదంతా చెప్పేసి, పోడూరులో ఏమైందని అడిగేశాను.

అత్తగారి చేతిలో దారం ఆగింది. మావగారు వీధి మీంచి చూపు తిప్పుకున్నారు. తరవాత మామూలు గొంతుతోనే అన్నారు.

"మా నాన్నకీ ఇలాగే మొదలైందమ్మా. మొదట ఒక మాట. తరవాత వేదంలో ఒక పనస, యాభై మాటల ముక్క. చివరికి మా అమ్మని పట్టుకుని, ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు, అని అడిగేవాడు."

"శుభమా అని ఆ పిల్ల పెళ్ళి మాట్లాడుతుంటే ఆ కబుర్లెందుకండీ ఇప్పుడు?" అన్నారు అత్తగారు.

"ఉన్నమాటే కనకవల్లీ. వైశాఖంలో పెదబాబు గారింట్లో పెళ్ళి ఒప్పుకున్నాను కాబట్టి వెళ్తాను. అక్కడా ఆగానంటే ఇంక పీట మీద కూచోను. నలుగురూ జాలిపడేదాకా ఉండకూడదు."

ఆయన కుడిచెయ్యి చెవి దగ్గరకి పోయింది. ఏదైనా గుర్తు రానప్పుడు ఆయన చెవి తడుముకుంటారు, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయినా అంతే. చిన్నప్పుడు గురువుగారు మెలేసిన చెవి అదేనని అత్తగారి వేళాకోళం. ఆ సాయంత్రం ఆవిడ వేళాకోళం చెయ్యలేదు.

మాకెవరికీ మింగుడు పడనిది ఏంటంటే, అంతకు ముందు రెండు నెలలూ ఇంట్లో సంబరమే. మాఘమాసంలో ఆయన కళ్ళకి ఆపరేషనయింది. ఏళ్ళ తరబడి అన్నీ మసకమసగ్గా చూసిన మనిషికి మళ్ళీ లోకం తేటపడింది. మా ఆయన విష్ణు కాకినాడలో ఎరువుల కంపెనీ ఆఫీసులో చేస్తారు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకుండా పోతారు. ఆయన ఆ సంతోషంలో రాజమండ్రి వెళ్ళి, పెళ్ళితంతు మొత్తం పెద్దక్షరాల్లో వేసిన పుస్తకం ఒకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టారు. మావగారు చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకం, పేపరు, పప్పు పొట్లం కాగితం, ఏది దొరికితే అది చదువుతూ మురిసిపోయారు. కళ్ళొచ్చాయి, ఇంకేం కావాలి అనుకుంటుంటే ఇదొకటి వచ్చి పడింది.

నేను ఊరుకోలేదు. నేను బీయస్సీ పాసయింది బట్టీ మీద. పుస్తకంలో వరస మీద స్కేలు అడ్డం పెట్టుకుని, దాచిన మాట చెప్పుకుని, స్కేలు జరిపి చూసుకునేదాన్ని. ఇప్పుడు స్కేలెందుకు, కంప్యూటరుంది. మావగారి మతికి నేను మందేస్తానని పంతం పట్టాను.

"కంప్యూటర్లో సంకల్పం ఏంటమ్మా?" అన్నారాయన.

"మీరు రండి మావయ్యగారూ, చెబుతాను."

మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆయన్ని పక్కన కూచోబెట్టుకున్నాను. ఆయన చెబుతుంటే నేను కొట్టాలని. ఆయన ఎత్తుకున్నారంటే గోదావరికి వరదొచ్చినట్టే. నేను నాలుగు మాటలు కొట్టేలోపు ఆయన నాలుగు లోకాలు దాటేశారు.

"ఆగండాగండి!"

ఆగారు. "ఎక్కడున్నాం?"

"అది మీరే చెప్పాలి."

"మధ్యలోంచి నాకు రాదమ్మా. మళ్ళీ మొదట్నుంచీ అనాలి."

మొదట్నుంచీ అనడం, నేను ఆపడం, ఆయన మళ్ళీ మొదలెట్టడం. ఇలా కాదని మా ఆయన తెచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుని అందులోంచే కొట్టుకున్నాను. అప్పుడింకో చిక్కొచ్చింది. సంస్కృతం మాటలు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. కంప్యూటరుకి ఖాళీ కనపడితేనే మాట అయిపోయిందని తెలుస్తుంది. ఒక మాట దాచమంటే మూడు సముద్రాలు ఒక్కసారి దాచేసేది. నేను తోచినచోట విరగ్గొడుతుంటే మావగారు గిలగిల్లాడిపోయారు.

"అక్కడ విరవకూడదమ్మా! ఊపిరి ఎక్కడ తీసుకుంటామో అక్కడే విరవాలి."

సరేనని ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా ఒక అడ్డగీత పెట్టాను. నేను వాడే ఎడిటర్లో మాక్రో అని ఒకటుంటుంది. ఒక పని దానికి ఒకసారి నేర్పిపెడితే, మీట నొక్కగానే తనంతట తనే చేసుకుపోతుంది. గీతకీ గీతకీ మధ్య ఉన్న మాటల్ని అక్కడొకటి అక్కడొకటి చుక్కలుగా మార్చేలా నేర్పాను. మళ్ళీ నొక్కితే ఇంకొన్ని మాయం. ఇంకో మీట నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, అది చెప్పినట్టు విన్నాక నాకు ఎంత గర్వంగా ఉందో! శుభలేఖల్లో వినాయకుడి బొమ్మ అటూ ఇటూ జరపడం తప్ప నా చదువుకి అన్నాళ్ళూ పనేం దొరికింది గనక.

తీరా చూస్తే ఆ మందు వికటించింది.

కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగి ఆయన చదవడం మొదలెట్టేవారు. చుక్కలు కనపడగానే గొంతు అక్కడే ఆగిపోయేది. పాలు సరే, పోడూరులో తడుముకోకుండా చెప్పినవి కూడా రావడం మానేశాయి. ఒకరోజు చుక్కల వెనక ఉన్నది గోదావరి. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషి ఆ పేరు కోసం చెవి తడుముకున్నారు. నేను గబుక్కున మీట నొక్కి చూపించాను. ఆయన ఆ మాట చూసి, నా వంక చూసి, చిన్నగా నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను మంచినీళ్ళ వంకన లోపలికి వెళ్ళిపోయాను.

అయినా రోజూ మధ్యాహ్నం బడిపిల్లాడిలా వచ్చి కూచునేవారు. నేను తక్కువ మాటలు దాచి చూశాను, చుక్కల బదులు మొదటి అక్షరం ఉంచి చూశాను. ఏం చేసినా అంతే. ఆయన ఆగిన చోటల్లా నేను చూసి అందించడం, ఆయన అందుకోవడం. అత్తగారు మజ్జిగ తెచ్చి ఇచ్చి, తెర వంక ఒకసారి కోపంగా చూసి వెళ్ళేవారు.

ఆదివారం మా ఆయన తండ్రిని డాక్టర్ చంద్రరావు గారి దగ్గరకి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరు గారు నెమ్మదస్తుడు.

"ఇవాళ తేదీ ఎంతండీ?"

"వైశాఖ శుద్ధ సప్తమి, ఆశ్లేషా నక్షత్రం, భానువారం," అన్నారు మావగారు.

"అది కాదండీ, తేదీ."

"తేదీకేముందండీ, మీ వెనకాల క్యాలెండర్లో ఉంది కదా."

డాక్టరు గారు నవ్వాపుకుని వందలోంచి ఏడేడు తీసెయ్యమన్నారు. మావగారు ఆయన రాసుకునేదాని కన్నా వేగంగా తీసేసి, ఇంక రెండే మిగిలాయి, ఏం చెయ్యమంటారని అడిగారు. బీపీ చూశారు, కాళ్ళూ చేతులూ చూశారు. "నాకైతే ఏమీ కనపడ్డం లేదండీ. మళ్ళీ అలా జరిగితే కాకినాడ తీసుకెళ్ళి స్కానింగ్ తీయిద్దాం," అన్నారు మా ఆయనతో.

నాకు ప్రాణం లేచొచ్చింది. మావగారికి రాలేదు. మెట్లు దిగుతూ, "మా నాన్నని చూసినాయన కూడా మొదట్లో ఏమీ లేదనే అన్నాడు," అన్నారు. మర్నాడు పొద్దున్న మాకెవరికీ చెప్పకుండా పెదబాబు గారికి కబురు పెట్టేశారు. పక్కన ఇంకొకర్ని కూచోబెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు, అని. అది విని అత్తగారు వంటింట్లో గోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ కంప్యూటర్ని ఎత్తి నడివీధిలో పడేద్దామనిపించింది.

ఆ వారంలోనే మా ఇంట్లో ఆవకాయ. లోపల అత్తగారు ముక్కలకి ఆవపిండీ కారం పట్టిస్తున్నారు, ఇల్లంతా ఘాటు. ముందుగదిలో మేమిద్దరం చుక్కల ముందు. మావగారు మొదలెట్టడం, ఆగడం, చెవి. ఇంతలో కరెంటు పోయింది.

ఆ ఎండాకాలం కరెంటు పోవడం వింత కాదు. ఫ్యాను ఆగింది. యూపీఎస్ ఒక్క కూత కూసి ఊరుకుంది. తెర నల్లబడింది. "వచ్చాక మళ్ళీ చూద్దాం లెండి," అన్నాను. నిజానికి నాకూ హాయిగానే అనిపించింది.

మావగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, తాటాకు విసనకర్ర అందుకున్నారు. సగం దించిన షట్టరు కిందనుంచి వచ్చే కాస్త వెలుతురు తప్ప గదిలో ఏమీ లేదు. ఒకసారి తనకి, ఒకసారి నాకు విసురుతూ, ఊరికే ఉండలేక కాబోలు, కూనిరాగంలా మొదట్నుంచీ అనుకోవడం మొదలెట్టారు. ఎవరికోసమూ కాదు. విసనకర్ర ఊపుకి తగ్గట్టు మాటలు సాగాయి. లోకాలు వెళ్ళాయి. ద్వీపాలు వెళ్ళాయి. ఉప్పు, చెరకు, కల్లు, నెయ్యి. నేను ఊపిరి బిగబట్టాను. పెరుగు. పాలు. మంచినీళ్ళు.

ఆయన ఆగలేదు. దాటిన సంగతి ఆయనకే తెలీదు. కొండల మీదుగా, దేశాల మీదుగా, నదులన్నీ దాటి గోదావరి ఒడ్డుకొచ్చి చేరాక ఆపి, ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నారు.

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. మోచేతుల దాకా ఎర్రగా కారం. కళ్ళలో నీళ్ళు ఆవఘాటుకో మరెందుకో నేను అడగలేదు.

"ఏంటే అలా చూస్తున్నారు ఇద్దరూ?" అన్నారు మావగారు. తరవాత ఆయనకీ వెలిగింది. విసనకర్ర ఆగింది. "మొత్తం అన్నానా? ఎక్కడైనా తప్పిందా అమ్మా?"

"ఎక్కడా తప్పలేదండీ."

"తెర చీకటిగా ఉందిగా, నువ్వు దేన్ని చూసి చెబుతున్నావు?"

"చూడక్కర్లేదు మావయ్యగారూ. ఇన్నాళ్ళూ మీకు అందించీ అందించీ నాకే వచ్చేసింది."

ఆయన ఏదో అనబోయేలోపు కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది. తెర మీద మళ్ళీ చుక్కలు పెట్టాను. "కళ్ళజోడు పెట్టుకుని ఇంకొక్కసారి అనండి," అన్నాను. అన్నారు. రెండో చుక్కల దగ్గరే ఆగిపోయారు, చెయ్యి చెవి మీద. "ఇప్పుడు కళ్ళజోడు తీసేసి." తీసేశారు. వరద.

అత్తగారు అలాగే కారం చేతులతో వచ్చి మా మధ్య నిలబడ్డారు. "ఏమండీ, పోడూరు పెళ్ళిలో పుస్తకం గానీ ముందర పెట్టుకున్నారా?"

మావగారు తప్పుచేసినవాడిలా చూశారు. "కళ్ళొచ్చాయి కదా అని... అబ్బాయి అంత ముచ్చటపడి తెచ్చాడు కదా అని..."

నేను పుస్తకం తీసి ఆ పేజీ వెతికాను. కుడివైపు పేజీలో అడుగు వరస పెరుగుతో అయిపోయింది. పాలు తిప్పాక వెనకవైపున ఉన్నాయి. కంప్యూటర్లోకి కొట్టేటప్పుడు ఆ పేజీ నేనే తిప్పాను, అయినా తోచలేదు. ఇద్దరికీ చూపించాను. ముగ్గురం ఆ పేజీని అటూ ఇటూ తిప్పుకుంటూ కూచున్నాం.

"మా గురువుగారు ఒక్కసారి అంటే మేం రెండుసార్లు అనేవాళ్ళం," అన్నారు మావగారు. "కోనసీమలో ఆయన అరుగు మీద. పొద్దున్నే. సంత చెప్పుకోవడం అంటాం. అక్షరం చూసిన పాపాన పోలేదు. అంతా చెవిలోంచి వచ్చిందే. పెళ్ళిలో కన్ను పేజీ దగ్గర ఆగేసరికి చెవి కూడా ఆగిపోయింది కాబోలు." ఆయన పేజీ వదిలేసి అత్తగారి వంక తిరిగారు. "నేనింకా మా నాన్న దారిలోనే పోతున్నాననుకున్నానే, వల్లీ."

"కళ్ళు లేనప్పుడే నయం, మతి కుదురుగా ఉండేది," అని అత్తగారు ముక్కు ఎగబీల్చి, వెంటనే ఫక్కున నవ్వేశారు. నవ్వుతూ చేత్తో కళ్ళు తుడుచుకోబోతే నేనూ మావగారూ ఒక్క గావుకేక పెట్టాం. ఆ కారం గనక కంట్లో పడి ఉంటే ఇంకో ఆపరేషను అయ్యేది మా ఇంట్లో. ఆ నెలన్నరలో ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదలు. నా గుండెల మీంచి రుబ్బురోలు దింపినట్టయింది.

ఆ సాయంత్రమే నా మాక్రోని మార్చాను. అక్కడొకటి అక్కడొకటి కాదు, ఒక్క మీటకి మొత్తం మాయం. తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. మావగారికి అది తెగ నచ్చింది. పెళ్ళి దాకా రోజూ మధ్యాహ్నం వచ్చి, "అమ్మా దుర్గా, దాచెయ్యి," అనేవారు. నేను దాచేదాన్ని. ఆయన ఖాళీ తెర ముందు చేతులు కట్టుకుని చెప్పుకుపోయేవారు.

"ఈ మాత్రం దానికి కరెంటు ఖర్చెందుకండీ, కళ్ళు మూసుకుంటే పోలా?" అని అత్తగారు అననే అన్నారు.

"నీకు తెలీదులే. అందులో అంతా ఉంది, కనపడదంతే. అదో ధైర్యం," అన్నారాయన.

పెదబాబు గారి మనవరాలి పెళ్ళి వైశాఖ బహుళంలో వాళ్ళ కొబ్బరితోటలోనే చేశారు. పగటి ముహూర్తం. అత్తగారూ నేనూ కూడా వెళ్ళాం. మావగారు పీట మీద కూచోబోతూ వెనక్కొచ్చి కళ్ళజోడు నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరుంచమ్మా. నాకు ఇవాళ దగ్గరివి చూసే పని లేదు," అన్నారు.

ఆయన పక్కన ఆ రెండో ఆయన ఉండనే ఉన్నారు. కుర్రాయన. ఒళ్ళో పుస్తకం తెరుచుకుని, వేలు పెట్టుకుని సిద్ధంగా కూచున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ మావగారు మాత్రం ఆయన్ని ఆప్యాయంగా పలకరించి, భోజనాల్లో పనసపొట్టు కూర వదలొద్దని కూడా చెప్పారు.

పెళ్ళికూతుర్ని మేనమామలు బుట్టలో మోసుకొచ్చారు. వీడియో లైటు వెలిగింది. పెదబాబు గారు ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూచున్నారు. సత్యకుమారి గారు, ఆవిడ భర్త ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మావగారు మహాసంకల్పం ఎత్తుకున్నారు.

అదే గొంతు, మా వీధిగదిలో విన్నదే. ఇక్కడ తోటంతా నిండింది. లోకాలు, ద్వీపాలు. ఉప్పు, చెరకు, కల్లు, నెయ్యి, పెరుగు.

ఆగారు.

కుర్రాయన వేలు పుస్తకం మీద గబగబా పరిగెత్తింది. సత్యకుమారి గారి భర్త సగం లేచారు. నేను మావగారి కుడిచెయ్యి వంకే చూస్తున్నాను. అది మోకాలి మీద ఉంది. కదల్లేదు. ఆయన తల ఎత్తి, మంటపం దాటి, ఆడవాళ్ళ వరసల్లోకి, సూటిగా నా వంకే చూస్తున్నారు. నా పెదాలు పాలు దాటేశాయి, మంచినీళ్ళలో ఉన్నాయి.

ఆయన పాలు అందుకుని ముందుకి సాగిపోయారు. ఇంక ఎక్కడా ఆగలేదు. గోదావరి పేరు వచ్చేసరికి గొంతు ఇంకాస్త పెంచారు. అయ్యాక పెదబాబు గారు కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. కుర్రాయన పుస్తకం మూసేశారు.

భోజనాలయ్యాక ముగ్గురం ఆటోలో తిరిగొస్తున్నాం. కాలువగట్టు మీద గాలి చల్లగా తగులుతోంది. అత్తగారి ఒళ్ళో తాంబూలం సంచీ. ఉండబట్టలేక నేనే అడిగాను.

"పెరుగు దగ్గర మళ్ళీ ఆగారేంటండీ? నా ప్రాణం పోయింది."

"ఆయన ఆగలేదే పిల్లా," అన్నారు అత్తగారు. "చెయ్యి చెవి మీదకి పోలేదుగా. కావాలనే ఆపారు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకా తెలీదు?"

మావగారు నవ్వారు. "ఆ రోజు చీకట్లో తనకీ వచ్చేసిందని అంది కదా దుర్గ. నిజంగా వచ్చిందో, ముసలాణ్ణి ఊరడించడానికి అందో, తేల్చుకోవద్దూ?"

"పెళ్ళిమంటపంలోనా అండీ తేల్చుకోవడం!"

"ఎక్కడైతేనేం. దూరం చూపు బాగానే ఉందిలే, నీ పెదాలు చూశాను." ఆయన నా చేతిలో కళ్ళజోడు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. "పాలు నా కన్నా ముందే అనేశావు. తొందరెక్కువ నీకు. పెరుగుకీ పాలకీ మధ్య ఊపిరి తీసుకోవాలి. రేపు పొద్దున్న అరుగు మీద కూచో. నేను ఒకసారి అంటాను, నువ్వు రెండుసార్లు అను."